మనసు ఒకరికి, మీట మరొకరికి

“మనిషి మంచివాడే, కానీ గెలవడు. ఆయనకు వేస్తే ఓటు మురిగిపోతుంది.” ఎన్నికల వేడి మొదలైతే ఈ మాట వినబడని తెలుగు ఊరు ఉండదు. చెప్పేది ఒక్కోసారి మన మేలు కోరే పక్కింటి పెద్దమనిషి, ఒక్కోసారి పెద్ద పార్టీ బూత్ ఏజెంటు. ఇద్దరిదీ ఒకటే మాట, ఉద్దేశాలు వేరు. వినే ఓటరుకు మాత్రం నిజంగా సంకటమే. మనసుకు నచ్చిన మూడో అభ్యర్థికి వేయాలా? లేక గెలవగల ఇద్దరిలో కాస్త నయమనిపించినవారికి వేసి, రాకూడదనుకున్నవారిని ఆపాలా?

ఈ రెండో దారినే వ్యూహాత్మక ఓటు అంటున్నాం. సార్వత్రిక ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దీనిమీద వాదాలు లేస్తాయి, ఫలితాలు రాగానే చల్లారిపోతాయి. ఈ పద్ధతి ఎప్పుడు పనిచేసింది, ఎప్పుడు ఓటరును ముంచింది, నిర్ణయానికి ముందు ఏ లెక్క చూడాలి అన్నవి తీరికగా తేల్చుకున్న సందర్భాలు తక్కువ. సిద్ధాంతకారులు చెప్పినదాన్నీ, మన రెండు రాష్ట్రాల అనుభవాన్నీ, బయటి దేశాల ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. వ్యూహాత్మక ఓటు తప్పు కాదు. అయితే రాష్ట్రమంతా వీచే గాలిని చూసి వేయాల్సిన ఓటు కాదది. సొంత నియోజకవర్గం లెక్క చేతిలో ఉన్నప్పుడే దానికి అర్థం ఉంటుంది.

చిక్కు ఎక్కడుంది?

మన లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో గెలవడానికి పోలైన ఓట్లలో సగం రానక్కర్లేదు. పక్క అభ్యర్థికన్నా ఒక్కటి ఎక్కువ వస్తే చాలు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. అలా గెలిచినవారూ లక్షల మెజారిటీతో గెలిచినవారూ సభలో సమానమే. ఓడినవారికి పడిన ఓట్లకు సభలో చోటు లేదు.

అందుకే ఓట్లకూ సీట్లకూ పొంతన కుదరదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ 31 శాతం ఓట్లతో 282 స్థానాలు గెలిచింది. అదే ఎన్నికల్లో 4 శాతానికి పైగా ఓట్లతో దేశంలో మూడో స్థానంలో నిలిచిన బహుజన సమాజ్ పార్టీకి ఒక్క సీటూ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓడిన పార్టీకి దాదాపు అదే వాటా దక్కినా సీట్లు సగానికి పడిపోయాయి. తనకు ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఎదుటివారి ఓట్లు ఎంతమంది మధ్య చెదిరాయన్నదీ అంతే ముఖ్యం.

ఈ లెక్క తెలిసిన ఓటరు ఎత్తుగడ వేయడం సహజం. దాన్ని మోసమనో పిరికితనమనో అనడానికి లేదు. 1973లో అలన్ గిబ్బార్డ్, 1975లో మార్క్ శాటర్త్‌వైట్ గణితపరంగా నిరూపించిన విషయం ఇదే. ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో బరిలో ఉన్నప్పుడు, ఒక్కరి ఇష్టమే చెల్లే నియంతృత్వాన్ని మినహాయిస్తే, ఎత్తుగడకు అసలు తావివ్వని ఎన్నిక పద్ధతి ఉండదు. పద్ధతిని బట్టి ఆ తావు పెరుగుతుంది, తగ్గుతుంది. మనది బాగా పెరిగే పద్ధతి.

సిద్ధాంతం చెప్పింది, దేశం చూపింది

ఒక్క ఓటు ఎక్కువైతే గెలిచే పద్ధతి కాలక్రమంలో రెండు పార్టీల పోటీకి దారితీస్తుందని ఫ్రెంచి పండితుడు మారిస్ డ్యువర్జే 1951లో ప్రతిపాదించాడు. మూడో పార్టీకి ఓట్లు వచ్చినా సీట్లు రావు కనుక, అది చూసి ఓటర్లు క్రమంగా దాన్ని వదిలేస్తారన్నది ఆయన వాదం. 1957లో ఆంథొనీ డౌన్స్ ఇదే విషయాన్ని ఓటరు వైపునుంచి చూశాడు. తెలివైన ఓటరు తనకు ఎవరిష్టమన్నదొక్కటే చూసుకోడు, మిగతావాళ్లు ఎవరికి వేస్తారన్నదీ అంచనా కడతాడన్నాడు.

భారతదేశం ఈ సూత్రానికి పెద్ద పరీక్ష పెట్టింది. ఇక్కడ లోక్‌సభలో డజన్లకొద్దీ పార్టీలు కనిపిస్తాయి. అయితే ప్రదీప్ ఛిబ్బర్, కెన్ కోల్మన్ చూపినట్లు, సూత్రం పనిచేసే చోటు నియోజకవర్గం. ఆంధ్రలో ఒక జంట, తమిళనాడులో మరో జంట, కేరళలో రెండు కూటములు. అన్నిటినీ ఢిల్లీలో కలిపి లెక్కపెడితే చాలా పార్టీలవుతాయి. ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల త్రిముఖ, చతుర్ముఖ పోటీలు ఏళ్లతరబడి సాగిన మాటా నిజమే. దానికి కారణం వెతికినవారిలో కంచన్ చంద్ర పరిశీలన పదునైనది. పథకం, ఉద్యోగం, కాంట్రాక్టు అన్నీ గెలిచినవారి చేతి మీదుగా వచ్చే వ్యవస్థలో ఓటర్లు తమ కులం, తమ వర్గం తలలు లెక్కపెట్టుకుంటారని, తమవాళ్ల పార్టీకి గెలిచే బలమో, గెలుపును తేల్చే బలమో ఉందనుకున్న చోటే దానికి ఓటేస్తారని ఆమె 2004లో వచ్చిన పుస్తకంలో వివరించారు. రాజనీతి శాస్త్రం పేరు వినని ఓటరు కూడా ఎత్తుగడ వేయగలడనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన చర్చకు అన్నిటికన్నా పనికొచ్చేది 1997లో గ్యారీ కాక్స్ రాసినది. వ్యూహాత్మక ఓటు ఎప్పుడు పనిచేయదో ఆయన చెప్పాడు. ఎవరు ముందున్నారో, ఎవరు మూడో స్థానంలో ఉన్నారో జనానికి తెలియనప్పుడు పనిచేయదు. ఒకరి గెలుపు ముందే ఖాయమైపోయినప్పుడు పనిచేయదు. మిగిలిన ఇద్దరిలో ఎవరు వచ్చినా ఒకటేనని ఓటరు అనుకున్నప్పుడూ పనిచేయదు. దీనికి ఆయన ఒక కొలమానం కూడా ఇచ్చాడు. మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థి ఓట్లను రెండో స్థానంలో వచ్చిన అభ్యర్థి ఓట్లతో భాగించాలి. ఫలితం సున్నాకు దగ్గరగా ఉంటే, ఓటర్లు మూడో అభ్యర్థిని వదిలేసి ఇద్దరి చుట్టూ చేరారన్నమాట. ఒకటికి దగ్గరగా ఉంటే, ఎవరిని వదలాలో తేలక రెండుగా చెదిరారన్నమాట. మీ నియోజకవర్గం గత ఫలితం దగ్గరుంటే కాగితం మీద నిమిషంలో తేలే లెక్క ఇది.

తెలుగు నేల నేర్పినది

మూడో పార్టీకి వేస్తే ఓటు వృథా అన్న సూత్రం తెలుగువాళ్ల దగ్గర ఒకసారి ఘోరంగా ఓడింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు 200కు పైగా గెలిచింది. తొమ్మిది నెలల పార్టీని జనం మూడో పక్షంగా చూడలేదు. కాంగ్రెస్‌ను ఓడించగల పక్షం అదేనని ఎన్టీ రామారావు పర్యటనలు ఊరూరా తేల్చేశాయి. దాంతో పాత ప్రతిపక్షాలే మూడో స్థానానికి జారిపోయాయి.

2009లో చిరంజీవి ప్రజారాజ్యానికి ఆ స్పష్టత దక్కలేదు. కాంగ్రెస్, తెలుగుదేశం నాయకత్వంలోని మహాకూటమి, ప్రజారాజ్యం మూడూ బలంగానే కనిపించాయి. ప్రజారాజ్యానికి 16 శాతానికి పైగా ఓట్లు వచ్చినా 18 సీట్లే దక్కాయి. 36.56 శాతం ఓట్లతో కాంగ్రెస్ 156 గెలిచి అధికారం నిలబెట్టుకుంది. 2011లో ప్రజారాజ్యం ఆ కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది. మార్పు కోరి ఆ పార్టీకి ఓటేసినవారికీ, కాంగ్రెస్‌ను ఆపాలని కూటమికి ఓటేసినవారికీ చివరికి మిగిలింది ఒకటే.

తర్వాతి పాఠం 2019, 2024 ఫలితాలది. 2019లో జనసేన ఐదున్నర శాతం ఓట్లతో రాజోలు ఒక్కటే గెలిచింది. పవన్ కల్యాణ్ పోటీ చేసిన గాజువాక, భీమవరం రెండూ ఓడిపోయారు. 2022 మార్చిలో ఇప్పటం సభలో ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వబోమని ఆయన ప్రకటించడంతో ‘ఓటు చీలిక’ రాష్ట్ర రాజకీయాల కేంద్ర చర్చ అయింది. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి 175కు 164 గెలిచాయి. జనసేన నిలబడ్డ 21 చోట్లా గెలిచింది.

చీలికే 2019 ఫలితాన్ని తేల్చిందా? లెక్క ఆ మాట ఒప్పుకోదు. 2019లో తెలుగుదేశం, జనసేన ఓట్లు కలిపినా 45 శాతానికి చేరవు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఒక్కదానికే 49.95 శాతం. 2024లో ఆ పార్టీ సొంత ఓట్ల వాటాలోనే పది పాయింట్లకు పైగా పోగొట్టుకుంది. పొత్తు చేసిన మేలు మరొకటి. ప్రభుత్వం మారాలనుకున్న ఓటరు ఏ నియోజకవర్గంలో ఎవరికి వేయాలో వెతుక్కునే పని లేకుండా పోయింది. ఓటరు వేయాల్సిన ఎత్తుగడను పార్టీలే ముందుగా వేసి పెట్టాయి.

నాయకులు చేయి కలిపినంత మాత్రాన ఓట్లు కదలవనడానికి తెలంగాణ సాక్ష్యం ఉంది. 2018లో కాంగ్రెస్, తెలుగుదేశం, తెలంగాణ జన సమితి, సీపీఐ ప్రజాకూటమిగా నిలిచాయి. దశాబ్దాలుగా ఊళ్లలో ఎదురెదురుగా కొట్లాడిన కాంగ్రెస్, తెలుగుదేశం కార్యకర్తలు ఒకరి గుర్తుకు మరొకరు మనస్ఫూర్తిగా ఓటేయించలేకపోయారు. తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్, తర్వాతి భారత రాష్ట్ర సమితి) 46.87 శాతం ఓట్లతో 119కి 88 సీట్లు గెలిచింది.

ఎవరూ చెప్పకుండా ఓటర్లే కదిలిన సందర్భమూ తెలంగాణదే. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ పోలింగులో భారత రాష్ట్ర సమితికి 37.35 శాతం, బీజేపీకి 13.90 శాతం ఓట్లు. 2024 మే 13న లోక్‌సభ పోలింగు నాటికి మొదటి పార్టీ 16.68 శాతానికి పడి ఒక్క సీటూ గెలవలేదు. రెండోది 35.08 శాతానికి లేచి కాంగ్రెస్‌తో సమానంగా 8 గెలిచింది. ఢిల్లీలో ఎవరు ప్రభుత్వం పెట్టాలన్న ఎన్నికలో ప్రాంతీయ పార్టీ పాత్ర ఏముంటుందన్న ఆలోచన ఇందులో బలంగా పనిచేసింది. ఢిల్లీ నగరంలోనూ ఇదే జరిగింది. 2019 మే లోక్‌సభ ఎన్నికల్లో 18 శాతంతో మూడో స్థానంలో ఉన్న ఆమ్ ఆద్మీ, తొమ్మిది నెలల్లోనే శాసనసభ ఎన్నికల్లో 53 శాతం దాటింది. 22 శాతం ఉన్న కాంగ్రెస్ 4 శాతానికి వచ్చింది. ఈ కదలికంతా ఎత్తుగడేనని అనలేం. నాయకుడి మీద అభిమానం, ప్రభుత్వం మీద అసంతృప్తి, కొత్త పథకాల ఆశ కూడా కలిసే ఉంటాయి. కానీ ఏ ఎన్నిక దేనికోసమో ఓటరు వేరుచేసి చూస్తున్నాడన్నది మాత్రం స్పష్టం.

మూడో ఓటు ఎవరి సొత్తు?

2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం ఈ చర్చకు గట్టి పరీక్ష. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మల్లాది విష్ణు, తెలుగుదేశం అభ్యర్థి బొండా ఉమామహేశ్వరరావు మీద 25 ఓట్ల తేడాతో గెలిచారు. జనసేన పొత్తులో నిలబడ్డ సీపీఎం అభ్యర్థికి వేలల్లో ఓట్లు పడ్డాయి. “ఆ ఓట్లలో పాతిక మనకు పడి ఉంటే” అని ఓడినవారు అనుకోవడం సహజం. కానీ ఆ మాటలో పరీక్షకు నిలవని ఊహ ఒకటి దాగి ఉంది. మూడో అభ్యర్థి ఓట్లన్నీ రెండో అభ్యర్థికి చెందాల్సినవేనన్నది ఆ ఊహ. సీపీఎం అభ్యర్థి బరిలో లేకపోతే ఆ ఓటర్లలో కొందరు తెలుగుదేశానికి, కొందరు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వేసేవారు. కొందరు అసలు పోలింగుకే వచ్చేవారు కాదు. మెజారిటీ కన్నా మూడో అభ్యర్థి ఓట్లు ఎక్కువన్న ఒక్క లెక్కతో ‘ఓటు చీల్చాడు’ అని ముద్ర వేయడం అన్యాయం. ఆ మాట తేల్చాలంటే, ఆ ఓటర్ల రెండో ఇష్టం ఎవరో తెలియాలి. మన బ్యాలెట్ ఆ ప్రశ్న అడగదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఒకే పేరున్న అభ్యర్థులను, దగ్గరగా కనిపించే గుర్తులను బరిలోకి దించి ఎదుటివారి ఓట్లకు గండికొట్టే పని అన్ని పార్టీలకూ అలవాటే. ఆ చీలికకు ఓటరు ఎత్తుగడతో సంబంధం లేదు. మీట నొక్కేముందు గుర్తునూ, పేరునూ, ఫొటోనూ మూడింటినీ సరిచూసుకోవడమే దానికి మందు.

గెలిచేవారి వెంట పోవడం వేరు

వ్యూహాత్మక ఓటుతో తరచూ కలిపేసే అలవాటు ఇంకొకటుంది. “ఎలాగూ ఆయనే గెలుస్తాడు, ఆయనకే వేద్దాం” అనడం. ఇందులో ఎవరినీ ఆపే ఉద్దేశం లేదు. గెలిచినవారి మంచి చూపులో ఉండాలన్న ఆరాటమే ఉంది. పల్లెల్లో దీనికి బలమైన కారణం ఉంది. ఓటింగ్ యంత్రాలు వచ్చాక లెక్కింపు బూత్‌వారీగా సాగుతుంది. వెయ్యిమంది లోపు ఓటర్లున్న బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో ఫలితం రోజే ఊరంతా తెలిసిపోతుంది. ఫలానా వాడ మనకు వేయలేదని రోడ్డు ఆపడం, ఇళ్ల జాబితాలో పేర్లు కొట్టేయడం గురించి ఊళ్లలో చెప్పుకునే కథలకు మూలం అదే.

కాగితపు బ్యాలెట్ల కాలంలో లెక్కింపుకు ముందు వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపే వీలు నిబంధనల్లో ఉండేది. యంత్రాల్లోనూ అలా కలిపి లెక్కించే టోటలైజర్ పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదిక దాన్ని సమర్థించింది. అది అమలుకాలేదు. బూత్ ఓటు బయటపడినంతకాలం పల్లె ఓటరు స్వేచ్ఛగా ఎత్తుగడ వేయగలడనడం సగం నిజమే.

సర్వేలను ఎంత నమ్మాలి?

ఎత్తుగడకు ప్రాణం సమాచారం. మనకు అందేదాంట్లో ఎక్కువ భాగం రాష్ట్రస్థాయి సర్వేలు. ఒక పార్టీకి రాష్ట్రంలో 40 శాతం అని చెప్పే సర్వే, మీ నియోజకవర్గంలో రెండో స్థానం ఎవరిదో చెప్పలేదు. నమూనా అంత లోతుకు దిగదు. పైగా పెద్ద సర్వేలే బోల్తాపడిన చరిత్ర ఉంది. 2004లో ఎన్డీఏ తిరిగి వస్తుందన్నవి, 2024లో అదే కూటమికి 350 దాటుతాయన్నవి తలకిందులయ్యాయి. 2024లో వచ్చినవి 293.

పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో అభిప్రాయ సర్వేల ప్రసారం మీద నిషేధం ఉంది. ఎగ్జిట్ పోల్స్‌ను మొదటి విడత పోలింగు మొదలైనప్పటినుంచి చివరి విడత ముగిసిన అరగంట వరకు ప్రకటించకూడదు. ఆ ఖాళీలోకి వాట్సాప్‌లో ఏ సంస్థ పేరుతోనో తిరిగే ‘తాజా సర్వే’లు దూరతాయి. వాటిని పంపించేవారి ఉద్దేశం ఒక్కటే, మూడో అభ్యర్థి ఓటరును బెదరగొట్టడం. మూలం తెలియని సర్వేను బట్టి ఓటు మార్చుకోవడం ఎత్తుగడ అనిపించుకోదు.

నమ్మదగిన సమాచారం అందుబాటులోనే ఉంది. ప్రతి ఎన్నిక తర్వాత బూత్‌వారీ ఓట్ల వివరాలను ఫారం 20 పేరుతో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. అందులో మీ బూత్‌లో, మీ మండలంలో గతసారి ఎవరికెన్ని పడ్డాయో ఉంటుంది. దానికి ఆ తర్వాత జరిగిన మార్పులు కలపాలి. పొత్తులు మారాయా, అభ్యర్థి మారాడా, పార్టీ మారినవారెవరు, మండల పరిషత్ ఎన్నికల్లో ఎవరు బలపడ్డారు. అభ్యర్థి ఆస్తులు, కేసుల వివరాలు ఫారం 26 అఫిడవిట్‌లో దొరుకుతాయి. ఒక్క సాయంత్రం చాలు ఈ పనికి.

ఎత్తుగడకు చెల్లించే ధర

వ్యూహాత్మక ఓటు ఉచితం కాదు. మొదటి ధర, మన అసలు ఇష్టం లెక్కలోకి రాకపోవడం. ఓడిన పార్టీకి పడిన ఓట్లకూ విలువుంది. రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావడానికున్న మార్గాల్లో ఒకటి శాసనసభ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, రెండు సీట్లు సాధించడం. 2019లో జనసేన ఈ గీత దాటలేకపోయింది, గాజు గ్లాసు గుర్తు తనదేనన్న భరోసా లేకుండా 2024 వరకు నెట్టుకొచ్చింది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ గల్లంతే. కొత్త పార్టీని ఇష్టపడేవారంతా ‘ఈసారికి’ వదిలేస్తే, మరోసారి దానికి అవకాశమే ఉండదు.

రెండో ధర ఇంకా చేదైనది. 2018లో ఆసిఫాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఆత్రం సక్కు, టీఆర్ఎస్ అభ్యర్థి కోవ లక్ష్మిపై 171 ఓట్ల తేడాతో గెలిచారు. అధికార పార్టీని ఆపాలని అక్కడ ఓటేసిన ప్రతి ఒక్కరూ ఆ గెలుపు తమదే అనుకోదగినంత చిన్న తేడా అది. కొన్ని నెలలకే, 2019 మార్చిలో, సక్కు టీఆర్ఎస్‌లో చేరుతున్నట్లు ప్రకటించారు. ఆ జూన్ నాటికి, గెలిచిన 19 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది అటే వెళ్లి విలీనమయ్యారు. ఆంధ్రలో 2014 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తెలుగుదేశంలోకి వెళ్లినవారు 23 మంది. ఒకరిని ఆపడానికి మరొకరికి ఓటేసినవారిని ఇంతకన్నా మోసగించేది లేదు. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచి ఉన్నా విలీనం దారిలోనూ, సభాపతి నిర్ణయం ఆలస్యమయ్యే దారిలోనూ అది నీరుగారుతోంది. అందుకే ఎత్తుగడ వేసే ఓటరు పార్టీ లెక్కతో పాటు అభ్యర్థి నడత కూడా చూడక తప్పదు.

గెలుపు కోసం కాకుండా సందేశం కోసం ఓటును వాడిన ఘనత కూడా మన రైతులది. 1996లో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో బరిలో 480 మంది మిగిలారు. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. 2019లో పసుపు బోర్డు, మద్దతు ధర కోరుతూ నిజామాబాద్‌లో రైతులు వేసిన నామినేషన్లతో అభ్యర్థులు 185కు చేరారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. అక్కడ అప్పటి ఎంపీ కవిత ఓడిపోయి, బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. గెలవని ఓటు వృథా అనేవారికి ఆ రైతులే జవాబు.

నోటాది వేరే సంగతి. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఈ మీట నిరసన తెలపడానికి పనికొస్తుంది. 2024లో ఇందౌర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక 2,18,674 మంది దాన్ని నొక్కారు. అయినా బీజేపీ అభ్యర్థి పదకొండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఎవరినో ఆపాలన్నది మీ ఉద్దేశమైతే నోటా ఆ పని చేయదు.

బయటి దేశాల్లో

బ్రిటన్‌ది మనలాంటి పద్ధతే, మనం తెచ్చుకున్నది అక్కడినుంచే. 1997లో టాటన్ నియోజకవర్గంలో లేబర్, లిబరల్ డెమొక్రాట్ పార్టీలు తమ అభ్యర్థులను తప్పించి, స్వతంత్ర అభ్యర్థి మార్టిన్ బెల్ చేతిలో అధికార కన్జర్వేటివ్ అభ్యర్థి ఓడిపోయేలా చేశాయి. 2024లో లిబరల్ డెమొక్రాట్లు 12 శాతం ఓట్లతో 72 సీట్లు గెలిస్తే, 14 శాతం తెచ్చుకున్న రిఫార్మ్ పార్టీకి 5 సీట్లే వచ్చాయి. మొదటి పార్టీ తాను గెలవగల చోట్ల మీదే శ్రమ పెట్టింది, అక్కడ కన్జర్వేటివ్‌లను వద్దనుకున్న లేబర్ ఓటర్లూ దాని వైపు మొగ్గారు. రెండో పార్టీ ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి. అక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ పౌరులకు, అంటే భారతీయులకు కూడా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. లండన్, బర్మింగ్‌హామ్‌లలో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువారిలో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు.

కెనడాలో 2025 ఏప్రిల్ ఎన్నికల్లో న్యూ డెమొక్రాటిక్ పార్టీ (ఎన్‌డీపీ) ఓటర్లు పెద్ద ఎత్తున లిబరల్ పార్టీ వైపు కదిలారు. ఎన్‌డీపీ 7 సీట్లకు కుంగింది. అమెరికాలో 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాను బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచినప్పుడు, అక్కడ మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఫ్రాన్స్‌లో రెండు విడతల పద్ధతి ఉంది. 2024లో మొదటి విడతలో ఆధిక్యం చూపిన నేషనల్ ర్యాలీని ఆపడానికి రెండో విడతకు ముందు 200 మందికి పైగా అభ్యర్థులు తప్పుకున్నారు. చివరికి ఆ పార్టీ సీట్లలో మూడో స్థానానికి పడిపోయింది. అక్కడి ఓటరు మొదటి వారం మనసు చెప్పుకుని, రెండో వారం ఎత్తుగడ వేయగలడు. మనకు రెండూ ఒకే మీటతో జరగాలి.

పద్ధతి మారదా?

దామాషా ప్రాతినిధ్యం కావాలని రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెచ్చారు. 1949 జనవరి 4న అంబేడ్కర్ దాన్ని వ్యతిరేకించారు. అక్షరాస్యత తక్కువున్న దేశానికి అది క్లిష్టమని, సభ ముక్కచెక్కలై సుస్థిర ప్రభుత్వం నిలవదని ఆయన కారణాలు చెప్పారు. అక్షరాస్యత గురించిన వాదం నేడు చాలావరకు బలహీనపడింది. సుస్థిరత గురించినది ఇంకా నిలిచే ఉంది.

ప్రాధాన్య ఓటు మనకు కొత్తది కూడా కాదు. రాష్ట్రపతినీ రాజ్యసభ సభ్యులనూ అలాగే ఎన్నుకుంటున్నాం. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లక్షలమంది తెలుగువారు 1, 2, 3 అని అంకెలు వేస్తున్నారు. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ముందున్నారు. మిగిలిన అభ్యర్థుల రెండో ప్రాధాన్య ఓట్లు చేరాక తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రామగోపాల్ రెడ్డి గెలిచారు. ఇతరులకు మొదటి ఓటు వేసిన పట్టభద్రులు తమ ఇష్టాన్ని దాచుకోలేదు, వారి ఓటు మురిగిపోనూ లేదు. శాసనసభకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదో చెప్పే బలమైన కారణం నాకు కనిపించదు.

ఓటరుకు ఒక మాట

పద్ధతి మారేదాకా ఉన్నదానితోనే నెగ్గుకురావాలి. ఇంత సమీక్ష తర్వాత నాకు తేలినది ఇది. మీ ఇష్టమైన అభ్యర్థి గత లెక్కల్లోనూ, ఇప్పటి పరిస్థితుల్లోనూ స్పష్టంగా మూడో స్థానంలో ఉండాలి. మొదటి ఇద్దరి మధ్య పోటీ హోరాహోరీగా ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు రావడం వల్ల మీ ఊరికో, దేశానికో నిజమైన కీడు ఉందని మీరు నమ్మాలి. రెండోవారు గెలిచాక గోడ దూకరన్న నమ్మకం ఉండాలి. ఈ నాలుగూ కుదిరినప్పుడు నిస్సంకోచంగా ఎత్తుగడ ఓటు వేయండి. అది మీ హక్కు.

వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, మెజారిటీ లక్ష దాటే నియోజకవర్గమైనా, సమాచారం చాలకపోయినా, మనసుకు నచ్చినవారికే వేయండి. లోక్‌సభకూ శాసనసభకూ ఒకేరోజు ఓటేసే చోట రెండు లెక్కలూ విడివిడిగా వేసుకోండి. ఓటు వృథా అవుతుందని ఎవరైనా అంటే, మన నియోజకవర్గంలో గతసారి మూడో అభ్యర్థికి ఎన్ని పడ్డాయో చెప్పమని అడగండి. ఆ అంకె చెప్పలేనివారి సలహా మీద ఓటు మార్చుకోవద్దు.